బిల్లు మీద జత

తలుపు మీద గడ్డకట్టిన గుడ్డు సొనను కోరిన్ గోరువెచ్చటి నీళ్ళతో కడుగుతోంది. మరిగే నీళ్ళు పోస్తే సొన ఉడికి చెక్కకు అంటుకుపోతుంది. చన్నీళ్ళు పోస్తే ఆ నీళ్ళే మంచు కడతాయి. సెనేట్ సమావేశాలకని తండ్రితో రాజధానిలోని ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి పొద్దున్నే ఆమెకు ఇదే పని. కొన్నాళ్ళు గుడ్లు, కొన్నాళ్ళు కుళ్ళిన టమాటాలు, ఒకసారి సంచి నిండా పంది పేడ.

తలుపు ముందు మెట్ల మీద, ఆ సొన కారిన చోటికి జానెడు దూరంలో, రేకు కప్పిన చెర్రీ పై, పళ్ళు కూరి కాల్చిన పిండివంట, ఒకటి ఉంది. "మిమ్మల్ని దేవుడు చల్లగా చూడాలి, సెనేటర్" అని చీటీ. గుడ్లు విసిరేవాళ్ళూ పిండివంటలు తెచ్చేవాళ్ళూ ఒకళ్ళకొకళ్ళు ఎదురుపడకుండా ఎలా వచ్చి వెళ్తారో ఆమెకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఆ చెర్రీ పై పట్టుకుని లోపలికి వచ్చింది. తండ్రి వెర్లిన్ స్ట్రౌడ్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని రొట్టెకు వెన్న రాసుకుంటున్నాడు. డెబ్బై దాటినా నడుం వంగలేదు. చొక్కా బొత్తాలు మెడ దాకా పెట్టుకుని, అప్పుడే సభలోకి వెళ్ళేవాడిలా ఉన్నాడు.

"ఇవాళేంటి?" అన్నాడు తలెత్తకుండా.

"గుడ్లు."

"గుడ్ల ధర తగ్గినట్టుంది. చూశావా, నేను తెచ్చిన కోళ్ళ దాణా సబ్సిడీ ఎంత పనిచేస్తోందో."

ఆమె నవ్వలేదు. చెర్రీ పైని బల్ల మీద పెట్టింది.

"ముట్టుకోకు. క్లీట్ వస్తాడుగా, ముందు వాడు తింటాడు. హాజరు పిలిచే వేళకి వాడు బతికుంటే మనమూ తిందాం."

క్లీట్ ఆంబ్లర్ కూడా సెనేటరే, స్ట్రౌడ్ పక్షమే. తన పక్షం సభ్యులను లెక్కగట్టి ఓటింగుకు తోలుకొచ్చే బాధ్యత అతనిది. ఈ హాస్యం అతని ముందే చాలాసార్లు జరిగింది. ప్రతిసారీ అతను పెద్దగా నవ్వి, నిజంగానే ముందు ముక్క కోసుకుని తినేవాడు.

స్ట్రౌడ్ ఒకప్పుడు పశువుల సంతలో వేలం పాడేవాడు. పక్క జిల్లాల నుంచి కూడా ఆయన నాలుక వేగం చూడటానికే జనం వచ్చేవారట. సెనేటుకు మొదటిసారి నిలబడినప్పుడు ఎదుటి అభ్యర్థి ఒక ముసలి సెనేటరు. స్ట్రౌడ్ తండ్రి చనిపోయినప్పుడు పొలం బ్యాంకుకు పోకుండా ఆపినవాడు ఆయనే. ఆయనకు అప్పటికే ఒంట్లో బాగుండక కూర్చున్నచోటే కునికేవాడు. స్ట్రౌడ్ ఒక ట్రక్కు మీద ఖాళీ పడకకుర్చీ వేసుకుని ఊరూరా సంతలకు తిప్పాడు. "ఇదిగో మీ సెనేటరు! నిద్రపోతున్నాడు, గట్టిగా మాట్లాడకండి. ఒక డాలరు? ఎవరిస్తారు ఒక డాలరు? ఎవరూ ఇవ్వరా? అయితే ఊరికే తీసుకుపోండి!" అని వేలం పాడాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒక సంతలో ఆ ముసలాయన కూడా జనంలో నిలబడి విన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వుతుంటే మర్యాదకు తనూ కొంచెం నవ్వాడు. ఆ సంగతి స్ట్రౌడే చెప్పేవాడు, పెళ్ళిళ్ళలో, క్రిస్మస్ విందుల్లో, ఆయన నవ్విన నవ్వు కూడా చేసి చూపిస్తూ.

సెనేటులో ఆయన మొదట చేసిన పని నియమాల పుస్తకం కంఠస్థం పట్టడం. ఆవేశపడి అరిచేవాళ్ళను ఆయన ఎప్పుడూ లెక్కచేయలేదు. అవతలి పక్షంలో నత్తి ఉన్న సభ్యుడు ఒకాయన ఉండేవాడు. బాగా చదువుకున్నవాడు, ప్రశ్నలు పదునుగా వేసేవాడు. స్ట్రౌడ్ మెజారిటీ నాయకుడైన మొదటి వారంలోనే ఎవరి ప్రసంగమైనా నిమిషం దాటకూడదని నియమం పెట్టించాడు. నత్తి ఆయన లేచి "అ... అధ్యక్షా" అనేసరికే సగం సమయం పోయేది. "నియమం అందరికీ ఒకటే" అనేవాడు స్ట్రౌడ్. రెండో సంవత్సరం నత్తి ఆయన పోటీ చేయలేదు. ఆయన వెళ్ళిపోయిన మర్నాడే నిమిషం నియమం ఎత్తేశారు.

తన పక్షంలో ఎదురు తిరిగినవాళ్ళను కూడా వదిలేవాడు కాదు. గదులు మార్పించేవాడు, గుమస్తాలను తీసేసేవాడు, వాళ్ళ ఊరి వంతెన పనులు ఆగిపోయేవి. మా రాష్ట్రంలో సగం మంది ఆయన పేరు ట్రక్కుల వెనక అంటించుకుని తిరుగుతారు, మిగతా సగం ఆ పేరు వింటే నేల మీద ఉమ్ముతారు. ఆయన తెచ్చిన కాలువ నీళ్ళతో బీటు దుంపలు పండించే రైతొకడు హోటల్లో అన్న మాట ఊరంతా పాకింది. "కరుస్తాడు, కాదన్లేదు. కానీ మన గేటుకి కట్టేసిన కుక్క కదా."

ఇంట్లో కూడా ఆయన సభే నడిపేవాడు. కోరిన్ చిన్నప్పుడు రాత్రి భోజనం దగ్గర ఇంకొంచెం బంగాళాదుంపల ముద్ద కావాలంటే తీర్మానం పెట్టాలి. ఎవరో ఒకరు బలపరచాలి. తల్లి ఈడిత్ ఎప్పుడూ బలపరిచేది. తల్లికి జబ్బు చేసి పైన గదిలో పడుకున్నాక బల్ల దగ్గర బలపరిచేవాళ్ళు లేకపోయారు. "తీర్మానం వీగిపోయింది" అనేవాడు తండ్రి గరిటె పక్కన పెట్టి. పాపకు ఏడుపు వచ్చేది. ఏడుపు నియమాల్లో లేదనేవాడు.

అప్పుడు ఆమెకు అన్నం పెట్టింది లోవెల్ హాగెన్, ఆయన భార్య మార్గిట్. సొంత ఊళ్ళో స్ట్రౌడ్ ఇంటి ముందు రోడ్డుకు అవతల వాళ్ళ పొలం. రోడ్డుకు ఇటు ఒక నియోజకవర్గం, అటు ఓస్లాండ్ నియోజకవర్గం. లోవెల్ కూడా సెనేటరే, అవతలి పక్షం. వారమంతా సభలో స్ట్రౌడ్ చేత మాటలు పడి, శుక్రవారం ఇంటికి రాగానే స్ట్రౌడ్ కూతుర్ని ట్రాక్టరు మీద కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. తల్లి పోయిన రోజున కోరిన్ నిద్రపోయింది వాళ్ళింట్లోనే. స్ట్రౌడ్ ఆయనకు సభా భవనంలో బాయిలర్ గది పక్కన గది ఇప్పించాడు. "ముసలాడివి, వెచ్చగా ఉంటుంది" అన్నాడు. లోవెల్ మాత్రం మార్గిట్ కలిపిచ్చిన రొట్టె పిండిని సోమవారం ఆ గదిలో పెట్టుకునేవాడు. పిండి బ్రహ్మాండంగా పొంగుతోందని అందరికీ చెప్పుకునేవాడు.

ఇప్పుడు లోవెల్ ఊపిరితిత్తుల్లో కాన్సరు. ఓస్లాండ్ ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి ఉంచారు. ఆ ఆస్పత్రి గురించే బిల్లు. ఓస్లాండ్ లాంటి చిన్న ఊళ్ళ ఆస్పత్రులు మూతపడకుండా రాష్ట్రం డబ్బు ఇవ్వాలని ఆయన ఎన్నో ఏళ్ళు పోరాడి తెచ్చిన బిల్లు రేపు మధ్యాహ్నం ఓటుకు వస్తోంది. స్ట్రౌడ్ పక్షంలో కొందరు కూడా దానికి ఒప్పుకున్నారు, వాళ్ళ ఊళ్ళలోనూ ఆస్పత్రులు ఉన్నాయి కనుక. లోవెల్ వచ్చి ఓటు వేస్తే బిల్లు ఒక్క ఓటుతో గెలుస్తుంది. రాకపోతే రెండు వైపులా సమానమై ఓడిపోతుంది.

లోవెల్ వస్తానంటున్నాడు. పక్కింటివాళ్ళ వ్యానులో పరుపు వేయించాడు. బయట మంచు తుఫాను. దారిలోనే పోతాడని డాక్టరు మార్గిట్‌కు చెప్పాడు. మార్గిట్ నిన్న సాయంత్రం కోరిన్‌కు ఫోన్ చేసి ఏడ్చింది.

కోరిన్ కాఫీ పోసి తండ్రి ముందు పెట్టింది. తనూ ఎదురుగా కూర్చుంది. ఇలా ఎదురుగా కూర్చుని ఆయన్ని ఏమైనా అడిగి చాలా ఏళ్ళయింది.

"నాన్నా, రేపు లోవెల్ అంకుల్‌తో జత కట్టు."

ఆయన కత్తి పక్కన పెట్టాడు.

జత అనేది మా సెనేటులో పాత ఆచారం. ఒక సభ్యుడు జబ్బుచేసి రాలేకపోతే అవతలి పక్షం నుంచి ఒకరు లేచి, "ఆయన ఉంటే అవునని వేసేవాడు, నేను కాదని వేసేవాణ్ణి, కాబట్టి నేనూ వేయను" అంటారు. రెండు ఓట్లూ ఒకదానికొకటి చెల్లు. దానికి కాగితం ఉండదు, సంతకం ఉండదు, మాటే. మంచంలో ఉన్నవాడిని మంచంలోనే ఉండనివ్వడానికి పెద్దవాళ్ళు పెట్టుకున్న మర్యాద అది.

"జతా?" అన్నాడు స్ట్రౌడ్. "నేను ఓటు వేయకపోతే ఆ బిల్లు గెలుస్తుంది, తెలుసుగా?"

"అంకుల్ వస్తే ఎలాగూ గెలుస్తుంది."

"వస్తేగా."

"వస్తాడు నాన్నా. చచ్చినా వస్తాడు. దారిలో పోతాడని డాక్టరు చెప్పాడు. మార్గిట్ ఆంటీ నిన్నంతా ఏడుస్తూనే ఉంది. అమ్మ జబ్బుగా ఉన్నప్పుడు ఆ ఇంట్లో నేను..."

"అమ్మ సంగతి తీసుకురాకు. అది చర్చలో ఉన్న విషయం కాదు."

"సరే. తీసుకురాను. అడుగుతున్నా, అంతే."

ఆయన కాసేపు ఆమెను చూశాడు. సంతలో దూడ పళ్ళు చూసే చూపు. తర్వాత, ఆమె అనుకోని విధంగా, ముఖం మెత్తబడింది.

"ముసలాడు మొండివాడు" అన్నాడు. "నేనంటే గిట్టదు గానీ, మీ అమ్మ శవపేటిక మోసిన నలుగురిలో వాడూ ఉన్నాడు. సరే. ఏమని చెప్పమంటావు?"

"ఏమని అంటే?"

"నువ్వే కదా అడుగుతున్నది. మాట నువ్వే కట్టు. నేను ఒప్పుకుంటా."

"లోవెల్ హాగెన్‌తో బిల్లు మీద జత కడతాను అని చెప్పు."

"లోవెల్ హాగెన్‌తో బిల్లు మీద జత కడతాను." అక్షరం పొల్లుపోకుండా అన్నాడు. "నా మాట. వాడికి ఫోన్ చేసి పడుకోమను."

ఆమె లేచి ఆయన తల మీద ముద్దు పెట్టుకుంది. అలవాటు లేని పనికి ఆయన కొంచెం పక్కకు జరిగాడు.

ఫోన్ మార్గిట్ తీసి లోవెల్‌కు ఇచ్చింది. ఆయన గొంతు ఈల వేసినట్టు వస్తోంది.

"ఏం పిల్లా. మీ ఊళ్ళో మంచు ఎలా ఉంది? వ్యాను దిగగానే జారి పడతానేమో."

"మీరు రావద్దు అంకుల్. నాన్న మీతో జత కడతానన్నారు."

అవతల చాలాసేపు ఈల మాత్రమే వినబడింది.

"వెర్లినా? ఏ వెర్లిన్?"

"నాన్నే. ఇప్పుడే నా ఎదురుగా అన్నారు."

"కోరీ తల్లీ, మీ నాన్న తన కుక్కకి బొమికె ఇస్తానని మాట ఇచ్చినా ఆ కుక్క ముందు బొమికె వాసన చూస్తుంది. వాడి మాట మీద నేను మంచం మీద ఉండను."

"నేను విన్నాను అంకుల్. నా మాట మీద ఉండండి."

"నీ మాటా?"

"నా మాటే."

మళ్ళీ ఈల. తర్వాత ఆయన గొంతు ఫోనుకు దూరంగా జరిగి, "మార్గిట్, ఈ బూట్లు విప్పు" అనడం వినబడింది. అప్పటికే బూట్లు వేసుకుని మంచం అంచున కూర్చుని ఉన్నాడన్న మాట. మార్గిట్ ఫోన్ తీసుకుని, "నువ్వు నా కడుపున పుట్టలేదు గానీ..." అని మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం కోరిన్ సభలో పైన ప్రేక్షకుల వరసలో కూర్చుంది. చుట్టుపక్కలంతా తెల్ల కోట్లు వేసుకున్న పల్లెటూరి నర్సులు, చంకల్లో పిల్లలతో వచ్చిన తల్లులు. ఆమె ఎవరి కూతురో తెలిసిన ఒకావిడ తన చేతిసంచిని కొంచెం దూరం జరుపుకుంది.

బిల్లు పేరు చదివారు. స్ట్రౌడ్ లేచాడు. సభ అంతా బిగుసుకుంది.

"అధ్యక్షా, ఓస్లాండ్ సెనేటరు ఇవాళ మంచంలో ఉన్నారు. ఇన్నేళ్ళుగా ఆయనా నేనూ ఏ విషయంలోనూ ఒప్పుకున్నది లేదు. ఆకాశం నీలంగా ఉందని నేనంటే ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి చూసి వచ్చేవాడు." నవ్వులు. "కానీ నా భార్య పోయినప్పుడు ఆ పేటికకు ఒక పక్క నేను పట్టుకుంటే, ఒక పక్క ఆయన పట్టుకున్నాడు. ఇవాళ ఈ బిల్లు మీద నేను ఆయనతో జత కడుతున్నాను. ఆయన ఉంటే అవునని వేసేవాడు, నేను కాదని వేసేవాణ్ణి. కాబట్టి నేను వేయను."

అవతలి పక్షంవాళ్ళు ఒక్కొక్కళ్ళే లేచి నిలబడ్డారు. తర్వాత ఇవతలివాళ్ళు. సభ అంతా చప్పట్లు. ఒక ముసలి సెనేటరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సంచి జరుపుకున్న ఆవిడ కోరిన్ చెయ్యి పట్టుకుని నొక్కింది. కోరిన్‌కు తండ్రి మీద ప్రేమ కలిగింది. అది ఆమె చిన్నప్పుడు ఎప్పుడో పక్కన పెట్టేసిన వస్తువు, మళ్ళీ చేతికి దొరికింది.

చప్పట్లు ఆగాయి. క్లీట్ ఆంబ్లర్ లేచాడు.

"అధ్యక్షా, ఈ బిల్లును నిరవధికంగా వాయిదా వేయాలని తీర్మానిస్తున్నాను."

"బలపరుస్తున్నాను" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అవతలి పక్షం నాయకురాలు గబుక్కున లేచింది. "అధ్యక్షా! జత ఉంది! మెజారిటీ నాయకుడు ఇప్పుడే కదా జత ప్రకటించింది!"

స్ట్రౌడ్ తాపీగా లేచాడు. "జత బిల్లు మీద. నా మాట మీద నేను నిలబడతాను, బిల్లు ఓటుకు వస్తే నోరెత్తను. ఇది బిల్లు కాదు, వాయిదా తీర్మానం. దీని మీద నన్నెవరూ ఏమీ అడగలేదు."

"సిగ్గుందా మీకు?"

"సిగ్గు అనే మాట నియమాల పుస్తకంలో ఏ పేజీలో ఉందో గౌరవ సభ్యురాలు చెబితే తెరిచి చూస్తాను."

స్ట్రౌడ్ పక్షంలో కొందరు నవ్వారు. బిల్లుకు ఒప్పుకున్న కొందరు తమ బల్లల వైపే చూస్తూ, ఇచ్చిన మాట ప్రకారమే వాయిదా వద్దని ఓటు వేశారు. అయినా సరిపోలేదు. స్ట్రౌడ్ ఓటు పడేసరికి రెండు వైపులా సమానమైంది. బిల్లు మీద సభాధ్యక్షుడు ఓటు వేయకూడదు. తీర్మానం సమానమైతే వేయవచ్చు. ఆయన స్ట్రౌడ్ పక్షం మనిషి. "అవును" అని సుత్తి కొట్టాడు. లోవెల్ అక్కడ ఉండి ఉంటే సమానం అయ్యేదే కాదు. అలా వాయిదా పడ్డది ఆ సమావేశాల్లో మళ్ళీ ఓటుకు రాదు. బిల్లు చచ్చిపోయింది. నర్సుల్లో ఒకామె ఇంకా ఓటింగు ఎప్పుడు మొదలవుతుందని పక్కామెను అడుగుతోంది.

స్ట్రౌడ్ ఇంకా నిలబడే ఉన్నాడు.

"ఒక్క మాట, అధ్యక్షా. ఈ జత కుదిర్చింది నా కూతురు కోరిన్. పైన కూర్చుని ఉంది. మాటలు కూర్చింది తనే. ఓస్లాండ్ సెనేటరును మంచం దిగకుండా ఒప్పించిందీ తనే. సభ తరఫున తనకి నా కృతజ్ఞతలు."

సభలో తలలన్నీ పైకి లేచాయి. పక్కావిడ పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

మెట్ల దగ్గర గోడకు ఆనుకుని కోరిన్ ఫోన్ చేసింది. మార్గిట్ ఎత్తింది గానీ మాట్లాడలేదు. వెనక రేడియోలో సభ ఇంకా వినబడుతోంది. తర్వాత లోవెల్ ఊపిరి ఈల దగ్గరికి వచ్చింది.

"ఏమని అడిగావు తల్లీ?"

"బిల్లు మీద అని."

"బిల్లు మీద." ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "బిల్లు మీదా, దానికి ముందూ వెనకా వచ్చే ప్రతి తీర్మానం మీదా అనాలి. సభలోకి కొత్తగా వచ్చిన పిల్లవాడికి కూడా మొదటి రోజే నేర్పుతాం. ఇంకెవరు ఫోన్ చేసినా ముందు అదే అడిగేవాణ్ణి. నువ్వు కదా, అడగలేదు."

"అంకుల్, నాకు నిజంగా తెలీదు."

"తెలీదని నాకు తెలుసు. అందుకే వాడు నీ చేత అనిపించాడు." కొంచెం దగ్గాడు. "ఇక్కడ నర్సులు రేడియో విన్నారు. వీళ్ళలో కొందరు నిన్ను చిన్నప్పటి నుంచి ఎరుగుదురు. ఏమనుకుంటున్నారో చెప్పను."

"నేను వస్తాను. ఇప్పుడే బయల్దేరతాను."

"వద్దు. మార్గిట్ నీ ముఖం చూడదు. చూడలేనని అంటోంది, నేనేం చెయ్యను. ఇక ఫోన్ చెయ్యకు తల్లీ."

మాట కటువుగా కూడా అనలేదు. అలసిపోయినవాడు దీపం తీసేయమన్నట్టు అన్నాడు.

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి వంటింట్లో తండ్రీ క్లీటూ చల్లారిన మాంసం పెట్టిన రొట్టెలు తింటున్నారు. క్లీట్ ముందు చెర్రీ పై సగం ఖాళీ అయింది.

"ఇదిగో వచ్చింది!" అన్నాడు క్లీట్. "కోరిన్, పైనుంచి చూశావుగా, ఆ నాయకురాలి మొహం! ఆవిడ నోరు తెరిచి మూయడం మర్చిపోయింది. కప్పలా..."

"ఊరుకో క్లీట్" అన్నాడు స్ట్రౌడ్. "కూర్చో కోరీ. చలిలో వచ్చావు. సూప్ ఉంది."

ఆమె కోటు విప్పలేదు. బల్లకు ఇవతలే నిలబడింది.

"ఆయన నా మాట మీద ఉండిపోయాడు నాన్నా."

"తెలుసు. నా మాట మీద ఉండడుగా."

"నన్ను వాడుకున్నావు."

"వాడుకున్నా. ఇంట్లో మంచి కత్తి ఉంటే పక్కింటికి వెళ్ళి అడుక్కోను." రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని నమిలాడు. "నేను అబద్ధం చెప్పానా? చెప్పు. మాట తప్పానా? నిన్ను మాట కట్టమన్నా. నువ్వు కట్టావు. దాంట్లో కన్నం నువ్వు వదిలావు, నేను దూరాను. నా ఇంట్లో పెరిగి 'ప్రతి తీర్మానం మీదా' అనడం మర్చిపోయావంటే, తప్పు నాదా?"

క్లీట్ పకాలుమన్నాడు. స్ట్రౌడ్ చూసిన చూపుకు ఆగిపోయాడు.

"నువ్వు బాధలో ఉన్నావు" అన్నాడు స్ట్రౌడ్, గొంతు తగ్గించి. ఇప్పుడు ఆ గొంతు నిజంగానే తండ్రి గొంతులా ఉంది. అందుకే ఆమెకు ఇంకా భయం వేసింది. "మొదటిసారి అందరికీ ఇలాగే ఉంటుంది. కూర్చుని విను. లోవెల్ వసంతం దాకా ఉండడు. ఆ సీటు ఖాళీ అవుతుంది. గవర్నరు ఎవరినో ఒకరిని నియమించాలి. పెళ్ళయ్యాక నువ్వు ఓస్లాండ్‌లో ఉన్నావు, విడాకులు తీసుకుని ఇక్కడికి వచ్చినా నీ ఓటు ఇంకా అక్కడే ఉంది. మధ్యాహ్నం గవర్నరుతో మాట్లాడాను."

తన పేరు సభలో ఎందుకు చెప్పాడో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. ఇక అవతలి పక్షంవాళ్ళు ఎవరూ ఆమెను నమ్మరు. ఓస్లాండ్‌లో ఏ గుమ్మమూ తెరుచుకోదు. నిలబడటానికి ఆయన పక్కన తప్ప ఇంకెక్కడా చోటు లేకుండా చేశాడు.

"ఆయన ఇంకా బతికే ఉన్నాడు" అంది.

"ఉన్నాడు. నేను తొందరపెట్టడం లేదు." కాఫీ కప్పు తిప్పాడు. "ఆస్పత్రి బిల్లు కావాలా నీకు? ఆ సీట్లో కూర్చుని నువ్వే పెట్టు. వచ్చే సమావేశాల్లో నేనే నెగ్గిస్తా. హాగెన్ పేరు మీద నెగ్గనివ్వను, అంతే. స్ట్రౌడ్ పేరు మీద నెగ్గుతుంది. ఓస్లాండ్‌లో పుట్టే పిల్లలకి ఎవరి పేరైతే ఏంటి? వాళ్ళకి మంచం కావాలి, నర్సు కావాలి. లోవెల్‌కి మాత్రం దాని మీద తన పేరు కావాలి. మా ఇద్దరిలో ఎవరు స్వార్థపరుడో నువ్వే ఆలోచించు."

క్లీట్ చెర్రీ పై వైపు చూస్తూ కూర్చున్నాడు. వంటింటి గడియారం కింద రేడియేటరు టకటకమంటోంది. నిజంగానే ఆ మంచాలు కావాలి. మార్గిట్ పురుడు ఆ ఆస్పత్రిలోనే జరిగింది, బిడ్డ దక్కలేదు. ఆ గది ఎక్కడుందో కోరిన్‌కు తెలుసు. వేసవిలో ఆ కిటికీ కింద నిలబడి మార్గిట్ లోపలికి చూడటం చిన్నప్పుడు చూసింది.

స్ట్రౌడ్ నోరు తుడుచుకుని కుర్చీలోంచి లేచాడు. ఆటగా, సభలో నిలబడినట్టు నిలబడ్డాడు.

"కోరిన్ స్ట్రౌడ్ పేరు ఓస్లాండ్ స్థానానికి సిఫారసు చేయడమైనది. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పవచ్చు."

"చెప్పేయ్ కోరిన్" అన్నాడు క్లీట్ నవ్వుతూ. "లేకపోతే ఆమోదించినట్టే. ఆయన నిజంగానే రాసేసుకుంటాడు."

సభలో ఈ మాటకు ఎవరూ పలకకపోతే అందరూ ఒప్పుకున్నట్టు. ఒక్క గొంతు "అభ్యంతరం" అంటే చాలు, పని ఆగిపోతుంది. స్ట్రౌడ్ ఆమె నోటి వైపే చూస్తున్నాడు. ఆమె తిడితే తిట్టులోంచి ఒక ముక్క పట్టుకుంటాడు. వద్దంటే ఎందుకు వద్దో అడుగుతాడు. సరేనంటే సరేనంది అంటాడు. ఏది చేతికి ఇచ్చినా దాంతో ఏదో ఒకటి అల్లుతాడు. ఊరుకుంటే ఒప్పుకుందని రాసుకున్నా, ఆ సీట్లో ప్రమాణం చేయాల్సిన నోరు మాత్రం ఆమెదే.

"అభ్యంతరం?" అన్నాడు మళ్ళీ. ఈసారి గొంతులో ఆట తగ్గింది. "కోరీ, ఏదో ఒకటి అను. తిట్టు పోనీ. మీ అమ్మలా నోరు మూసుకుని నిలబడకు."

ఆమె కోటు బొత్తాలు ఒక్కొక్కటే కింది నుంచి పై దాకా పెట్టుకుంది. మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుంది. బల్ల చుట్టూ తిరిగి, తండ్రి భుజం పక్కనుంచి, వంటింటి వెనక తలుపు దాకా నడిచింది.

"అభ్యంతరం వినిపించలేదు" అన్నాడు స్ట్రౌడ్ ఆమె వీపు వైపు. "క్లీట్, నువ్వు విన్నావా?"

క్లీట్ తన పళ్ళెం పక్కకు నెట్టాడు.

కోరిన్ తలుపు తీసి, ఒక్క మాట కూడా అనకుండా మంచులోకి దిగి వెళ్ళిపోయింది.